క్రేను మీంచి చూసిన నది



రేడియోలో బొమ్మ గురించి మాట్లాడడం కొంచెం చిక్కైన పని. బొమ్మ మీ ఎదురుగా ఉండదు, చూపించే వీలు నాకు లేదు. కాకపోతే ఇవాళ చెప్పబోయే బొమ్మల్లో రంగుల్లేవు. ఉన్నదంతా నలుపు, తెలుపు, ఆ రెంటి నడుమ బూడిద ఛాయలు. మాటలతో సగమైనా చూపించవచ్చునని ధైర్యం చేస్తున్నాను.

స్కాట్లాండ్ దేశంలో గ్లాస్గో నగరం, ఆ నగరం నడుమ పారే క్లైడ్ నది, ఆ నదిని ఎక్కువగా పెన్సిలుతోనూ నల్లసుద్దతోనూ గీసిన మ్యూర్‌హెడ్ బోన్ అనే చిత్రకారుడు. ఇదీ మన విషయం.

బోన్ 1876లో పార్టిక్‌లో పుట్టాడు. పార్టిక్ ఇప్పుడు గ్లాస్గోలో ఒక పేట. అప్పటికి దాని పురపాలక సంఘం దానికే ఉండేది. ఊరి చివర నది, నది ఒడ్డున ఓడలు కట్టే యార్డులు. తండ్రి పత్రికా రచయిత. అన్నదమ్ముల్లో జేమ్స్ పత్రికల్లోకి వెళ్లాడు, డేవిడ్ సముద్రంలోకి వెళ్లాడు. డేవిడ్ చిన్నప్పుడే తెరచాప ఓడ ఎక్కి, పెద్దయ్యాక ఆవిరి ఓడలకు కెప్టెనయ్యాడు. పుస్తకాలూ రాశాడు. మన చిత్రకారుణ్ణి మాత్రం ఇంట్లోవాళ్లు ఒక ఆర్కిటెక్టు దగ్గర పనిలో పెట్టారు. పగలు భవనాల ప్లాన్లు గీయడం, సాయంత్రం గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో రాత్రిబడి. ఆర్కిటెక్టు కాలేదు గాని ఆ కన్ను మాత్రం ఆయన్ని వదల్లేదు. ఏ దూలం దేని మీద ఆనింది, ఏ బరువు ఎటు దిగుతోంది అన్నది తెలియకుండా ఆయన ఒక్క గీతా గీయలేదనిపిస్తుంది ఆ బొమ్మలు చూస్తే.

కట్టి పూర్తయిన భవనం కంటే కడుతున్న భవనమే ఆయనకు ముద్దు. లండన్ చేరాక కూడా చారింగ్ క్రాస్ స్టేషను కప్పు మరమ్మతు కోసం నిలబెట్టిన సారవనూ, కూలగొడుతున్న పాత సంగీతశాలనూ రాగిరేకు మీద గీశాడు. ఇటలీ చిత్రకారుడు పిరనేసి రోము శిథిలాలను గీసినట్టు ఈయన లండన్‌ను గీస్తున్నాడని మెచ్చుకున్నారు అప్పటివాళ్లు. సారవ కర్రలంటే అంత ప్రేమ ఉన్నవాడికి ఓడల యార్డు కంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

ఇక్కడ నది గురించి కాస్త చెప్పాలి. క్లైడ్ అంత గొప్ప నదేమీ కాదు. మన గోదావరి పక్కన పెడితే కాలువ. పద్దెనిమిదో శతాబ్దం నడిమి రోజుల్లో సముద్రపు పోటు తగ్గినప్పుడు గ్లాస్గో దిగువన కొన్నిచోట్ల మోకాలి లోతు నీళ్లే ఉండేవి. పెద్ద ఓడలు ఊరిదాకా రాలేక కిందనే ఆగిపోయేవి. అప్పుడు జాన్ గోల్‌బోర్న్ అనే ఇంజనీరు వచ్చి, ఒడ్ల నుంచి నదిలోకి రాతికట్టలు వేసి ప్రవాహాన్ని ఇరుకు చేయమన్నాడు. ఇరుకులో పడ్డ నీరు జోరందుకుని అడుగున ఉన్న ఇసుకను తానే తోసుకుపోయింది. ఆ తర్వాత పందొమ్మిదో శతాబ్దం పొడుగునా ఆవిరి డ్రెడ్జర్లు తవ్వుతూనే ఉన్నాయి. క్లైడ్ గ్లాస్గోను చేసింది, గ్లాస్గో క్లైడ్‌ను చేసింది అని అక్కడివాళ్లు చెప్పుకునే మాటలో రెండో సగమే ఎక్కువ నిజమని నాకు అనిపిస్తుంది. మనుషులు తవ్వి చేసుకున్న నది అది.

ఆ నది మీదనే 1812లో హెన్రీ బెల్ కామెట్ అనే ఆవిరి పడవను నడిపాడు. నూరేళ్లు తిరిగేసరికి, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు, ప్రపంచంలో తయారయ్యే ఓడల్లో ఇంచుమించు అయిదో వంతు క్లైడ్ ఒడ్డునే తయారయ్యేవి. నది సన్నం, ఓడలు పొడుగు. ఒడ్డున కట్టిన ఓడను నీళ్లలోకి జారిస్తే అవతలి ఒడ్డుకు కొట్టుకోవాలి కదా? అందుకే ఓడలను నదికి ఏటవాలుగా కట్టేవారు. జారేటప్పుడు వేగం తగ్గడానికి బరువైన గొలుసుల కట్టలు తగిలించేవారు. క్లైడ్‌బ్యాంక్‌లోని జాన్ బ్రౌన్ యార్డుకు సరిగ్గా ఎదురుగా కార్ట్ అనే ఉపనది వచ్చి కలుస్తుంది. ఆ ఉపనది నోరే వాళ్లకు అదృష్టం. 310 మీటర్ల క్వీన్ మేరీ ఓడ 1934లో ఆ నోటివైపుకే జారింది.

ఇంతకీ చిత్రకారుడికి దీనితో ఏమిటి సంబంధం? చాలా ఉంది. గ్లాస్గో దగ్గర క్లైడ్‌ను గీయాలంటే మామూలుగా నదిని గీసే పద్ధతి పనికిరాదు. విశాలమైన నీళ్లు, దూరంగా తెరచాపలు, ఒడ్డున చెట్లు, ఇవేవీ ఉండవు. కాగితంలో నీళ్లకు మిగిలేది ఒక సన్నటి పట్టీ. దానికి రెండు పక్కలా సగం కట్టిన ఓడలు, క్రేన్లు, గొట్టాలు, పొగ. ఓడ నదికంటే పెద్దదిగా కనిపిస్తుంది. నది మీద ఏదీ ఒక్కచోట నిలవదు. మనుషుల్ని ఒడ్డు దాటించే చిన్న స్టీమర్లు, పెద్ద ఓడను లాక్కుపోయే టగ్గులు, మట్టి మోసుకుపోయే దోనెలు. ఫినియెస్టన్ దగ్గర బండ్లను దాటించే పంటు ఇంకో వింత: పోటును బట్టి నీటిమట్టం మారుతుంటే, ఒడ్డుకు సమంగా ఉండేలా దాని పైతట్టే మొత్తంగా పైకీ కిందికీ జరిగేది.

తైలవర్ణాలు వేసేవాడికి ఒక వెసులుబాటుంది. ఎక్కడైనా వెలుగు చాలకపోతే చివర్లో ఒక బొట్టు తెల్లరంగు అద్దుకోవచ్చు. పెన్సిలు పట్టినవాడికి ఆ అవకాశం లేదు. వాడికున్న తెలుపల్లా కాగితమే. ఎక్కడ నీరు మెరవాలో, ఎక్కడ ఆవిరి లేవాలో ముందే తేల్చుకుని అక్కడ చెయ్యి పెట్టకుండా ఉండాలి. రబ్బరుతో తుడిచి తెలుపు తెచ్చుకోవచ్చు గాని అది అలిసిపోయిన తెలుపు, చూసేవాడికి తెలిసిపోతుంది. బోన్ బొమ్మల్లో నీళ్లు చాలాచోట్ల ముట్టుకోని కాగితమే. ఓడ నీడ పడ్డచోట నాలుగు అడ్డగీతలు, అంతే. చుట్టూ ఉన్న కర్రలూ ఇనుమూ అంత దట్టంగా ఉంటాయి కాబట్టి ఆ ఖాళీని మన కన్ను నది అని ఒప్పేసుకుంటుంది. కదిలేవాటి వెంట ఆయన పరుగెత్తలేదు. కదలనివాటిని కచ్చితంగా గీసి, కదిలేవాటికి వాటి మధ్య చోటు మిగిల్చాడు. రద్దీ నదిని పెన్సిలుతో పట్టుకోవడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు.

1916కు వద్దాం. యుద్ధం మొదలై రెండేళ్లయింది. దేశరక్షణ చట్టం వచ్చాక రేవుల దగ్గరా కోటల దగ్గరా కాగితం, పెన్సిలు పట్టుకుని నిలబడితేనే నేరం. గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్ భవనాన్ని కట్టిన ఆర్కిటెక్టు చార్లెస్ రెన్నీ మాకింటాష్ అంతటివాడు, సముద్రం పక్కన వాల్బర్స్‌విక్ అనే పల్లెలో పువ్వుల బొమ్మలు వేసుకుంటూ ఉంటే, గూఢచారి అన్న అనుమానంతో ఆయన్ను అక్కడ నిలవనివ్వలేదు. అదే కాలంలో బోన్‌కు మాత్రం ప్రభుత్వమే పిలిచి పెన్సిలు చేతికిచ్చింది. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు, సైన్యం నుంచి పిలుపు రాబోతోంది. ఇలాంటి చేతిని కందకంలో పెట్టడం దండగని పెద్దలకు తోచింది. బ్రిటన్ ప్రభుత్వం నియమించిన మొట్టమొదటి యుద్ధ చిత్రకారుడు ఆయనే. ఆగస్టులో ఫ్రాన్సులోని సోమ్ యుద్ధరంగానికి వెళ్లి, అక్టోబరులో దాదాపు 150 డ్రాయింగులతో తిరిగివచ్చాడు. తర్వాత నౌకాదళాన్ని గీశాడు, తన ఊరి యార్డులను గీశాడు.

1917లో బ్రిటన్ ప్రభుత్వం 66 లితోగ్రాఫులతో ఒక సంపుటం వేయించింది. అందులోని ఒక భాగంలో తొమ్మిదిమందికి తలా ఒక పని అప్పగించారు, ఒక్కొక్కరికి ఆరు బొమ్మలు. పొలం పనుల బొమ్మలు గీసినవాడు విలియం రోథెన్‌స్టైన్. టాగోరు ఇంగ్లీషు గీతాంజలిని అంకితమిచ్చింది ఈయనకే. విమానాల తయారీ నెవిన్సన్‌కు వచ్చింది, ఓడల తయారీ బోన్‌కు వచ్చింది. లితోగ్రాఫంటే కాగితం మీద పెన్సిలు కాదు, జిడ్డు సుద్దతో గీసిన గీతను రాతి మీంచి అచ్చు తీయడం. కానీ చెయ్యి అదే, గీత అదే. పెన్సిలుతో గీసేవాడు తన బాణీ మార్చుకోకుండానే చేయగల పని.

ఆ ఆరింటిలో ఒకదాని పేరు 'పెద్ద క్రేను మీంచి కనిపించే ఓడల యార్డు'. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. ఒడ్డున నిలబడితే ఓడ గోడలాగా అడ్డం వస్తుంది, ఇంకేమీ కనిపించదు. క్రేను ఎక్కితే ఆ అడ్డు పోతుంది. పైనుంచి చూస్తే సగం కట్టిన ఓడ లోపలంతా కనిపిస్తుంది. పక్కటెముకలూ, అడ్డదూలాలూ, చుట్టూ నిలువుకర్రల అడవి. తాటితోపులో ఇరుక్కున్న తిమింగలం అనుకోండి. ఒక్క క్షణం చూస్తే కర్రల గందరగోళం. ఓపికపట్టి ఒక కర్రను పట్టుకుని కిందికి వెళ్తే అది ఏ పలకను మోస్తోందో, ఆ పలక మీద నిలబడ్డవాడు ఏ వైపు పనిచేయాలో తెలిసిపోతుంది. ఇది ఆర్కిటెక్టు దగ్గర చేసిన చాకిరీ ఫలితం. ఆ సంపుటంలోనే నెవిన్సన్ విమానంలోంచి నేలను చూపించాడు, నేల ఒరిగిపోయి గీతలూ గళ్లూ అయిపోయింది. అది కొత్తదనం అన్నారు విమర్శకులు, నిజమే. బోన్ చూపు పాతకాలపుదన్నారు. నేను దాన్ని ఒప్పుకోను. క్రేను కొసన కూర్చుని నగరాన్ని చూడడం అంతకుముందు ఏ చిత్రకారుడికి కుదిరింది? క్రేనే కొత్తది కదా!

ఇక ఈ బొమ్మల్లో ఒక లోపం. మనుషులు మరీ చిన్నవాళ్లు. నల్లచుక్కల్లా ఉంటారు, ఒక గీత ఒళ్లు, ఒక చుక్క తల. ఆ చుక్కలు ఏం చేస్తున్నాయో బోన్‌కు తెలుసు, చూసే మనకు తెలియదు. ఆ రోజుల్లో ఇనుపరేకుల్ని రివెట్లతో బిగించేవారు. ఒక్కో రివెట్టుకు ఒక ముఠా. కొలిమి దగ్గర ఒక కుర్రాడు రివెట్టును ఎర్రగా కాల్చి విసిరేవాడు. ఇంకో కుర్రాడు దాన్ని పట్టి కన్నంలో పెట్టేవాడు. లోపలివైపు ఒకడు బరువైన సుత్తితో అదిమి పట్టుకునేవాడు. బయట ఇద్దరు, కుదిరితే ఒకడు కుడిచేతివాటం, ఒకడు ఎడమచేతివాటం, మార్చి మార్చి కొట్టేవారు. ఒక ఓడకు ఇలాంటి రివెట్లు లక్షల్లో పడతాయి. కొన్నేళ్లు చేస్తే చెవులు పోతాయి. పెన్సిలు ఆ మోత వినిపించలేదు సరే, ఆ కుర్రాడి ముఖమైనా చూపించగలదు. బోన్ చూపించలేదు. ప్రభుత్వం ఆయన్ని పంపింది దేశం ఎంత గట్టిగా పనిచేస్తోందో చూపించడానికి. ఆ పని ఆయన నిజాయితీగానే చేశాడు, కాని దూరం నుంచి చేశాడు.

ఆ దూరం తగ్గించినవాడు స్టాన్లీ స్పెన్సర్ అనే చిత్రకారుడు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, అదే క్లైడ్ దిగువన పోర్ట్ గ్లాస్గోలోని లిత్‌గో యార్డుకు వెళ్లాడు. ఈయన క్రేను ఎక్కలేదు. పనివాళ్ల మధ్య కూర్చున్నాడు. మామూలు కాగితం చాలక టాయిలెట్ కాగితపు చుట్ట విప్పుకుంటూ దాని మీద పెన్సిలుతో గీశాడు. నవ్వులాటగా ఉన్నా ఆ పొడుగాటి కాగితమే ఆయన చిత్రాలకు ఆకారమిచ్చిందేమో అనిపిస్తుంది, ఎందుకంటే తర్వాత వేసిన పెద్ద చిత్రాలు కూడా అలాగే అడ్డంగా మీటర్ల కొద్దీ సాగుతాయి. వాటిలో రేకులు కోసేవాళ్లు, అతికేవాళ్లు, రివెట్లు కొట్టేవాళ్లు ఒకరి మీద ఒకరు వాలి, పడుకుని, వంగి పనిచేస్తుంటారు. నది మాత్రం ఎక్కడా కనిపించదు. స్పెన్సర్‌కు మనుషులు దొరికి నది జారిపోయింది, బోన్‌కు నది దొరికి మనుషులు జారిపోయారు. అన్నట్టు ఆ యుద్ధకాలంలో చిత్రకారులకు పనులు అప్పగించే ప్రభుత్వ సంఘంలో బోన్ కూడా సభ్యుడే.

ఈ సంగతులు మనకెందుకు అని కొందరు శ్రోతలు అనుకుంటూ ఉండవచ్చు. క్లైడ్ మనకు మరీ పరాయిది కాదు. బర్మాలో ఐరావతీ నది మీద స్టీమర్లు నడిపిన ఫ్లోటిల్లా కంపెనీ గ్లాస్గో వాళ్లదే. దాని స్టీమర్లను క్లైడ్ ఒడ్డున డంబార్టన్‌లో డెన్నీ యార్డులో తయారుచేసి, ముక్కలుగా విడదీసి ఓడలకెక్కించి, బర్మాలో తిరిగి బిగించేవారు. ఆ రోజుల్లో రంగూను రేవులో బస్తాలు మోసిన కూలీల్లో మనవాళ్లు వేలమంది. కాకినాడ నుంచీ విశాఖ నుంచీ వాళ్లను రంగూను చేర్చిన బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లలో కూడా చాలావాటి పుట్టిల్లు క్లైడే. ఆ ప్రయాణంలో పోయినవాళ్లకూ తిరిగొచ్చినవాళ్లకూ ఆ ఓడ ఎక్కడ పుట్టిందో తెలిసి ఉండదు. ఇటు ఓడ కట్టినవాడికి అందులో ఎవరు ఎక్కుతారో తెలియదు.

రంగూనులో మనవాళ్లను కోరంగీలు అనేవారు. కోరంగి గోదావరి పాయ మీది ఊరు, కాకినాడ దగ్గర. ఒకప్పుడు తెరచాప ఓడలు కట్టడానికీ బాగుచేయడానికీ తీరమంతటా పేరున్న చోటు. 1839 తుపానులో ఉప్పెన ఊరిని ముంచేసింది. పాయలో ఇసుక మేటలు వేసింది. ఇనుప స్టీమర్లు వచ్చి కర్ర ఓడల గిరాకీని తినేశాయి. గ్లాస్గోవాళ్లు నదిని తవ్వుకుంటూ పోయిన ఆ కాలంలోనే కోరంగి పూడిపోతూ వచ్చింది. కోరంగిలో ఓడ కడుతుండగా ఎదురుగా కూర్చుని ఎవరైనా గీసిన బొమ్మ నా కంటపడలేదు. ఆ ఓడ పక్కటెముకలకు ఏ కర్ర వాడారో, సారవ ఎలా కట్టారో తెలుసుకోవడానికి, క్లైడ్‌కు ఒక బోన్ ఉన్నట్టు కోరంగికి ఎవరూ నాకు దొరకలేదు.

క్లైడ్ ఒడ్డున ఇప్పుడు యార్డులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. గోవన్‌లో, స్కాట్‌స్టన్‌లో యుద్ధనౌకలు కడుతున్నారు. క్వీన్ మేరీ పుట్టిన యార్డు మూతపడింది. 1907లో నిలబెట్టిన టైటాన్ అనే క్రేను మాత్రం అక్కడే చారిత్రక కట్టడంగా నిలిచి ఉంది. కర్ర సారవలు ఎక్కడా లేవు, రివెట్లు లేవు, అన్నీ వెల్డింగులే. బోన్ గీసిన పని అంతా పోయింది. ఆ పని ఎలా జరిగేదో తెలుసుకోవాలంటే ఫొటోలున్నాయి, నిజమే. కానీ ఫొటోలో కర్రల వెనక కర్రలు కలిసిపోయి మసగ్గా నల్లబడతాయి. ఏది ముందు, ఏది వెనక, ఏది బరువు మోస్తోంది అన్నది విడదీసి చెప్పేది తెలిసినవాడు గీసిన గీతే. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఆ డ్రాయింగులు చాలా ఉన్నాయి. ఇంటర్నెట్ ఉన్నవారు ఇంట్లో కూర్చునే వాటిని పెద్దవిగా చేసి చూసుకోవచ్చు.

బొమ్మలు గీసే అలవాటున్న శ్రోతలకు, ముఖ్యంగా చిత్రకళ చదువుకుంటున్న పిల్లలకు ఒక విన్నపం. కోరంగి పక్కనే తాళ్లరేవులో ఇవాళ్టికీ చెక్కతో పడవలు కట్టే వడ్రంగులున్నారు. విశాఖ చేపలరేవులో ఒడ్డుకు లాగిన పడవలకు మరమ్మతులు జరుగుతూనే ఉన్నాయి. సెలవుల్లో ఒక హెచ్‌బీ పెన్సిలు, ఒక 4బీ పెన్సిలు, గట్టి అట్ట ఒకటి పట్టుకుని అక్కడికి వెళ్లండి. ముందు అక్కడి మేస్త్రీని అడిగి కూర్చోండి. నది అందం కోసం వెతక్కండి, పడవ ఏ కర్ర మీద నిలబడిందో అది గీయండి. తర్వాత లేచి దగ్గరికి వెళ్లి, ఆ కర్రను వాళ్లు ఏమని పిలుస్తారో, దాన్ని చెక్కినతని పేరేమిటో అడిగి, అదే పెన్సిలుతో బొమ్మ అంచున తెలుగులో రాసి పెట్టండి.